అన్నయ్య కారు, పది వారాల గడువు

పేరు రాయవద్దన్న ఒక పాఠకుడి ఉత్తరం సారాంశం ఇది. ఉద్యోగం మీద వేరే దేశం వెళ్తూ అన్నయ్య తన కారు ఈయన చేతిలో పెట్టి మూడేళ్లయింది. కారు వయసు తొమ్మిదేళ్లు, ముదురు నీలం మెటాలిక్ రంగు. అన్నయ్యకి ఆ కారంటే ప్రాణం, ఎప్పుడు చూసినా తళతళలాడుతూ ఉండేదట. ఈయన ఇంటి దగ్గర నీడ లేదు, మూడేళ్లూ కారు ఎండలోనే ఉంది. ఇంకో పది వారాల్లో అన్నయ్య వచ్చేస్తున్నాడని తెలిసి, ఒకరోజు కారు చుట్టూ తిరిగి చూసుకుంటే గుండె జారిపోయిందని రాశారు.

పైకప్పు మీద రెండు అరచేతులంత మేర తెల్లబడి, అంచుల్లో పొర లేస్తోంది. ఎడమ వెనక తలుపు కింది అంచున పొక్కులు. ఒకదాన్ని గోరుతో గిల్లితే గోధుమరంగు పొడి రాలింది. బానెట్ మీద పిట్ట రెట్ట వదిలిన మచ్చ ఉంది. దాని పక్కనే తారు మరక పోగొడదామని గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో రుద్దిన చోటు మసకబారింది. ఎండలో చూస్తే కారంతా సన్నటి గుండ్రటి గీతలు.

సలహాలు మూడు వచ్చాయి. పాలిష్ పట్టి, పైన సిరామిక్ కోటింగ్ అనే పలచటి రక్షణ పొర వేస్తే అన్నీ పోతాయంటున్నాడు కార్లకి మెరుగుపెట్టే డిటెయిలింగ్ షాపాయన. కారు మొత్తానికి పెయింట్ కొట్టించేయ్, మీ అన్నయ్యకి అనుమానమే రాదంటున్నాడు స్నేహితుడు. ఏమీ చేయించకండి, ఉన్నదున్నట్టు ఆయనకి ఫోన్ చేసి చెప్పండి అంటున్నారు భార్య. డిటెయిలింగ్ షాపులో పెయింట్ మందం కొలిచిన మీటరు అంకెలు కూడా ఈయన రాసుకుని పంపారు. బానెట్ 86 నుంచి 92 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పైకప్పు బాగున్న చోట 110, తెల్లబడ్డ చోట 66. మూడు తలుపులు 108 నుంచి 118. ఎడమ వెనక తలుపు పైభాగం 230, కింది అంచు దగ్గర 640 నుంచి 900. తన చేతిలో కారుకి ఒక్కసారి కూడా దెబ్బ తగల్లేదని గట్టిగా చెప్తున్నారు. ఆయన అడిగినవి రెండే: ఇదంతా నా అజాగ్రత్తేనా? అన్నయ్యకి తెలియకుండా సరిచేయించగలనా?

మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చినవి ఆ మీటరు అంకెలు. వాటిని చదవడం తెలిస్తే మీ రెండు ప్రశ్నల్లో మొదటిదానికి సగం జవాబు అక్కడే ఉంది. కనక అక్కణ్నుంచే మొదలుపెడదాం.

ఫ్యాక్టరీలో కారు రేకు మీద నాలుగు పొరలు పడతాయి. రేకుని ముంచి తీసే తుప్పు నిరోధక పొర సుమారు 20 మైక్రాన్లు, దాని మీద రంగు గట్టిగా పట్టుకోడానికి వేసే ప్రైమర్ 30 అటూ ఇటూ, తర్వాత రంగు పొర 15 నుంచి 20, అన్నిటికన్నా పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ 40 నుంచి 50. మొత్తం కలిపి చాలా కార్లలో 100 నుంచి 150 లోపు ఉంటుంది. మనం చూసే మెరుపంతా క్లియర్ కోట్‌దే. కింద ఉన్న రంగుని ఎండ నుంచి కాపాడేదీ అదే.

ఇప్పుడు మీ పైకప్పు చూడండి. బాగున్న చోట 110, తెల్లబడ్డ చోట 66. తేడా 44. అంటే అక్కడ పోయింది అచ్చంగా క్లియర్ కోటే. తెల్లబడ్డ మచ్చ మురికీ కాదు, మరకా కాదు. అక్కడ ఇప్పుడు రంగు పొర పైన కప్పు లేకుండా నేరుగా ఎండకి కూర్చుని ఉంది.

ఇక ఆ ఎడమ వెనక తలుపు. పైభాగంలో 230 అంటే ఆ తలుపుకి ఎప్పుడో మళ్లీ పెయింట్ కొట్టారు. కింద 640 నుంచి 900 అంటే ఆ పెయింట్ కింద సొట్టని పూడ్చే పుట్టీ ఉంది. ఏ ఫ్యాక్టరీ కొత్త తలుపుకి అంత మందం వేయదు. మీ చేతిలో దెబ్బ తగల్లేదన్నది నిజమైతే ఆ తలుపు మీ దగ్గరికి రాకముందే సొట్టపడి, పుట్టీ పెట్టించుకుని వచ్చింది. అన్నయ్య వాడుతున్నప్పుడు కావచ్చు, అంతకు ముందు ఇంకొకరి చేతిలో కావచ్చు, అమ్మకానికి రాకముందే రవాణాలో కావచ్చు. ఎవరన్నది మీటరు చెప్పదు. అన్నయ్య దాచాడని అనుకోకండి, ఆయనకీ తెలియకపోవచ్చు. కానీ ఆ పొక్కుల బరువంతా మీ ఒక్కరి నెత్తిన వేసుకోనక్కర్లేదు.

బానెట్ 86 నుంచి 92 అన్నది కాస్త ఆలోచించాల్సిన అంకె. పక్క రేకులన్నీ 108 పైన ఉంటే ఇది ఒక్కటే ఇరవై తక్కువ. ఫ్యాక్టరీలోనే రేకుకీ రేకుకీ పది, పదిహేను తేడా రావచ్చు, కాబట్టి ఒట్టేసి చెప్పలేం. కాకపోతే ఎప్పుడూ తళతళలాడే కార్ల బానెట్లకి మాటిమాటికీ మెషిన్ పాలిష్ పడి ఉండడం మామూలే. కాంపౌండ్ అనే గరుకు పాలిష్‌తో ఒక్కసారి గట్టిగా పాలిష్ పడితే సుమారు 2, 3 మైక్రాన్ల క్లియర్ కోట్ పోతుంది. నీళ్లతో తడిపి వాడే సన్నటి ఎమరీ, 2000 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దితే ఇంకా ఎక్కువ. ఎండని ఆపే రసాయనాలు క్లియర్ కోట్ పైభాగంలోనే ఎక్కువ పనిచేస్తాయి. పైనుంచి పదో వంతు, ఐదో వంతు తీసేసిన కొద్దీ ఇప్పుడు మెరుస్తుంది గానీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకే బానెట్ మీద ఎవరు మెషిన్ పెట్టినా ముందు ఈ అంకె చెప్పండి.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే మీరు ఒకే జబ్బనుకుంటున్నది నాలుగు జబ్బులు. గీతలు, మసక క్లియర్ కోట్ పైపైన ఉన్నవి. రెట్ట మచ్చ క్లియర్ కోట్‌లోకి దిగింది. పైకప్పు మీద క్లియర్ కోటే లేదు. తలుపు దగ్గర సమస్య రేకులోనే ఉంది. పాలిష్ పనిచేసేది మొదటి రెండిటికే. మీకొచ్చిన మూడు సలహాల్లో రెండు ఈ నాలుగిటినీ ఒకే మందుతో పోగొడతామంటున్నాయి, తిరకాసు అక్కడే.

తలుపు సంగతి ముందు, ఎందుకంటే రేకునే తినేది అదొక్కటే. పుట్టీ తేమని పీల్చుకునే పదార్థం. పైన పెయింట్‌కి చిన్న పగులు వచ్చినా, లోపలివైపు నుంచి నీళ్లు తగిలినా తేమ పుట్టీలోకి దిగి రేకుని తింటుంది. లోపల నీళ్లేమిటని అడగొచ్చు. వాన పడ్డప్పుడు అద్దం మీద జారిన నీళ్లు కొంత అద్దం కింది రబ్బరు బీడింగ్ దాటి తలుపు లోపలికి వెళ్తాయి, అది అన్ని కార్లలోనూ జరిగేదే. ఆ నీళ్లు పోవడానికి తలుపు కింది అంచున సన్నటి చీలికలు ఉంటాయి. తలుపు తెరిచి కింద వేలితో తడిమి చూడండి. అవి దుమ్ము, ఆకుల ముక్కలతో మూసుకుపోయి ఉంటే తలుపు అడుగున నీళ్లు రోజుల తరబడి నిలబడుతున్నట్టే. అట్లాంటివేమైనా ఉంటే ఈ ఉత్తరం చదవడం పూర్తి చేసేలోపే ఒక ప్లాస్టిక్ టై ముక్కతో పొడిచి తెరవండి. నల్లటి బురదనీళ్లు కారితే ఆశ్చర్యపోకండి. ఇనుప కమ్మీ మాత్రం వాడొద్దు, లోపలి పెయింట్ గీసుకుపోతుంది.

తర్వాత తుప్పు ఎంతవరకు వెళ్లిందో చూడాలి. బయట కనపడే పొక్కు కన్నా లోపల తుప్పు ఎప్పుడూ వెడల్పే. తలుపు బయటి రేకు కింద అంచున లోపలి రేకు మీదకి మడత పెట్టి ఉంటుంది. పొక్కులు ఆ మడతకి ఓ రెండు వేళ్లు పైన ఉన్నాయా, సరిగ్గా మడతలోంచే పుడుతున్నాయా అన్నది కీలకం. స్క్రూడ్రైవర్ పిడితో పొక్కుల చుట్టూ మెల్లగా తట్టండి. గట్టిగా మోగితే రేకు ఉంది. మెత్తగా, డొల్లగా వినిపిస్తే కింద పుట్టీ ఊడి ఉంది, లేదా రేకు చిల్లులు పడి ఉంది. మడత లోపల తుప్పు పడితే అక్కడికి ఎమరీ పేపర్ చేరదు, ఎంత బాగా చేసినా మళ్లీ వస్తుంది.

ఇక్కడ మీకు నాలుగు దారులున్నాయి. పొక్కుల మీద మాత్రమే రుద్ది, పైపైన రంగు అద్ది (టచింగ్ ఇచ్చి) పంపించడం మొదటిది. రెండు రోజుల పని. అన్నయ్య వచ్చేనాటికి చక్కగా కనపడుతుంది, కొద్ది నెలల్లో అదే చోట మళ్లీ లేస్తుంది, అప్పుడు కారు ఆయన చేతిలో ఉంటుంది. ఇది సరిచేయడం కాదు, కప్పిపుచ్చడం. మిగతా ఏ దారైనా దీనికన్నా నయం.

రెండోది, కింది భాగం పూర్తిగా రేకు దాకా విప్పి మళ్లీ కట్టుకు రావడం. పాత పుట్టీ మొత్తం తీసేయాలి. 80 నంబరు గరుకు ఎమరీ పేపర్‌తో, తుప్పు ఆఖరి చుక్క దాటి చుట్టూ కనీసం ఓ అంగుళం మేర రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. గుంటల్లో మిగిలిన నల్లటి చుక్కలకి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పెట్టి, డబ్బా మీద రాసిన ప్రకారం కడిగి ఆరబెట్టాలి. ఆ తర్వాత రేకుకి తేమ తగలనివ్వని ఎపాక్సీ ప్రైమర్. పుట్టీ అవసరమైతే దాని మీదే, మూడు మిల్లీమీటర్లు మించకుండా. అంతకన్నా మందం కావాల్సి వచ్చిందంటే సొట్ట సరిగ్గా తీయలేదని అర్థం. పుట్టీలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ బరువులో రెండు శాతం అటూ ఇటూ కలుపుతారు. త్వరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే తర్వాత పెయింట్ పైకి మరక తేలుతుంది, తక్కువైతే పుట్టీ మెత్తగానే ఉండిపోతుంది. 180, 320 నంబర్లతో నునుపు చేసి, దాని మీద సన్నటి గీతల్ని పూడ్చే సర్ఫేసర్, 600తో రుద్దాక రంగు, చివర క్లియర్. పని అంతా అయ్యాక తలుపు లోపలివైపు నుంచి మడతలోకి తేమని ఆపే మైనం, అంటే కావిటీ వ్యాక్స్, కొట్టించాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ చివరి మెట్టే. దాన్ని వదిలేస్తే పైన చేసిన ఖరీదైన పనంతా మళ్లీ లోపలినుంచే తుప్పు పడుతుంది.

మెటాలిక్ నీలం కాబట్టి రంగు కలవడం గురించి ఒక మాట. తొమ్మిదేళ్లు ఎండిన రంగుకి కోడ్ చూసి కలిపిన కొత్త రంగు అచ్చు గుద్దినట్టు రాదు. మెటాలిక్‌లో రేకుల్లాంటి పొడి ఏ వాలులో కూర్చుందన్నదాన్ని బట్టి కూడా ఛాయ మారుతుంది. మీ అదృష్టం ఏమిటంటే దెబ్బ తలుపు అడుగున ఉంది. కొత్త రంగుని కింద నిండుగా కొట్టి, తలుపు మధ్యకి వచ్చేసరికి పలచబరిచి పాతదాంట్లో కలిపేసి, క్లియర్ మాత్రం తలుపు నాలుగంచుల దాకా ఇవ్వొచ్చు. అప్పుడు పక్క రేకుల్ని ముట్టుకోనక్కర్లేదు. "ముందు తలుపు, వెనక రేకు కూడా కలుపుకుని కొడతాం" అని పెయింట్ షెడ్డులో అంటే, తలుపు లోపలే కలపడం ఎందుకు కుదరదో అడగండి. ఫ్యాక్టరీ పెయింట్ బాగున్న రేకుని ఊరికే రుద్దనివ్వకండి. ఈ తలుపు పైభాగం ఇప్పటికే 230 ఉంది. దాన్ని రుద్ది పలచన చేయకుండా పైన ఇంకో రెండు పొరలు పెంచితే ఆ మందానికి పగుళ్లు రావచ్చు. ఇది కూడా ముందే చెప్పాల్సిన అంకె.

మూడోది, మడతలోనే తుప్పు ఉంటే తలుపు బయటి రేకు మార్చడం, లేదా తలుపే మార్చడం. ఖర్చు ఎక్కువ. కానీ తుప్పు పట్టిన మడతని నాలుగుసార్లు బాగుచేయించడం కన్నా తక్కువే అవుతుంది. ఇది కారు యజమాని తీసుకోవాల్సిన నిర్ణయం, మీరు తీసుకోవాల్సింది కాదు.

నాలుగోది, నీళ్లు పోయే చీలికలు తెరిచి, లోపల కావిటీ వ్యాక్స్ కొట్టించి, గిల్లిన పొక్కు మీద కాస్త ప్రైమర్ అద్ది, అన్నయ్య వచ్చేదాకా ఆగడం. మీకిది చేతులెత్తేసినట్టు అనిపించొచ్చు. పది వారాల్లో తుప్పు తలుపుని మింగేయదు, తలుపు పొడిగా ఉంటే అసలే మింగదు. మీకు తెలిసిన మంచి షెడ్డు లేకపోతే, హడావిడిలో దొరికిన చోట చేయించడం కన్నా ఇది మేలు.

పైకప్పుకి ఇన్ని దారుల్లేవు. క్లియర్ కోట్ లేచిన చోట పాలిష్ పెడితే అంచు ఇంకా చిరుగుతుంది. దాని మీద స్ప్రే డబ్బాతో క్లియర్ కొడితే ఊడుతున్న అంచుతో పాటే అదీ లేచిపోతుంది. రంగు చాలాకాలం కప్పు లేకుండా ఎండింది కాబట్టి ఉత్త క్లియర్ వేస్తే తెలుపు అలాగే కనపడుతుంది, రంగుతో సహా మళ్లీ వేయాల్సిందే. వినైల్ స్టిక్కర్ అంటించేద్దామని ఎవరైనా అంటే, ఊడే పొర మీద స్టిక్కర్ నిలవదు, అంచు గీత కూడా కిందనుంచి ఎత్తుగా కనపడుతుంది. పైకప్పు మొత్తం క్లియర్ తీసి, ప్రైమర్ కనపడ్డ చోట మళ్లీ ప్రైమర్ ఇచ్చి, రంగు, క్లియర్ కొట్టించడమే అసలు మందు. చాలా కార్లలో పైకప్పుకీ పక్క రేకులకీ మధ్య సన్నటి కాలువ, దాని మీద రబ్బరు పట్టీ ఉంటాయి. పెయింట్ అక్కడ ఆగిపోతుంది కాబట్టి రంగు తేడా కంటికి అందదు. ఆ పట్టీ విప్పించి కొట్టించండి. విప్పకుండా టేపు వేసి కొడితే కొత్త క్లియర్ పట్టీ అంచు దగ్గర గోడలా ఆగి, కొన్నాళ్లకి అక్కణ్నుంచే లేస్తుంది.

కొన్నాళ్లు వదిలేస్తే ఏమవుతుంది? మచ్చ పెరుగుతుంది. కింద ఉన్న తుప్పు నిరోధక పొర ఎండకి తట్టుకునే రకం కాదు. ఎండ దానిదాకా చేరితే అది పొడిబారి, పైనున్నదంతా పెచ్చులుగా ఊడుతుంది. అయితే అది వారాల్లో కాదు, నెలల మీద జరిగే పని. ఆగాలనుకుంటే ప్రెషర్ గన్ ఆ అంచుల దగ్గరికి రానివ్వకండి, వ్యాక్స్ రాసి ఉంచండి.

పైకప్పు విషయంలో మీ తప్పు ఎంత? కొంత ఉంది. నీడలో ఉంటే ఇంకొన్నేళ్లు ఆగేది. కానీ మూడేళ్లలో మంచి క్లియర్ కోట్ ఇలా లేవదు. తొమ్మిదేళ్ల ఎండ, మీ దగ్గరికి రాకముందు పడి ఉండగల పాలిష్‌లు అన్నీ కలిసి వచ్చిన ఫలితం ఇది. గీతలు, స్క్రబ్బర్ మసక మాత్రం పూర్తిగా మీ ఖాతావే. ఆ ఆకుపచ్చ స్క్రబ్బర్‌లో గరుకు ఖనిజపు పొడి ఉంటుంది, అది గిన్నె మాడునే గీస్తుంది, క్లియర్ కోట్ ఎంత! తారుకి కాస్త తారు రిమూవర్ గానీ కిరోసిన్ గానీ గుడ్డకి అద్ది, నిమిషం ఆగి తుడిచి, వెంటనే షాంపూ నీళ్లతో కడిగేస్తే చాలు.

మంచి సంగతేమిటంటే మీ ఖాతాలోవే సులువుగా పోతాయి. ఆ మసక మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నప్పుడు మాయమైతే గీతలు క్లియర్ కోట్‌లోనే ఉన్నాయి. గోరు అడ్డంగా లాగినప్పుడు గీతలో చిక్కుకోకపోతే పాలిష్‌కి లొంగుతాయి. గోరు చిక్కుకుంటే వాటిని పూర్తిగా తీయాలని చూడకండి, బానెట్ మీద అంత మందం మీకు లేదు. తిరుగుతూ ఊగే డ్యుయల్ యాక్షన్ మెషిన్, మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్, ఇవే ముందు. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగు. రెండడుగుల చదరం కన్నా ఎక్కువ చోటు ఒకేసారి పట్టుకోకుండా, నిలువుగా రెండు, అడ్డంగా రెండు దఫాలు మెల్లగా నడపాలి. ఒక చిన్న చోట ప్రయత్నించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిచి చూడాలి. పాలిష్‌లోని నూనె గీతల్ని తాత్కాలికంగా పూడ్చి మనల్ని మోసం చేస్తుంది, ఈ తుడుపుతో అసలు సంగతి బయటపడుతుంది. ఇది సరిపోకపోతేనే కాంపౌండ్. రేకు అంచులు, మడత గీతలు ఉన్న చోట క్లియర్ పలచగా ఉంటుంది, టేపు వేసి వదిలేయండి. పనికి ముందు కారు కడిగి, అరచేతికి ప్లాస్టిక్ సంచీ తొడిగి రేకు మీద మెల్లగా రాయండి. ఇసుకలా తగిలితే మురికిని పట్టేసే మెత్తటి ముద్ద, క్లే బార్‌ని షాంపూ నీళ్లతో తడుపుతూ రుద్ది, ఆ తర్వాతే మెషిన్ పెట్టాలి.

రెట్ట మచ్చ వేరే రకం. రెట్టలోని ఆమ్లం క్లియర్ కోట్‌ని కొరుకుతుంది. దానికి తోడు ఎండకి క్లియర్ మెత్తబడి ఉన్నప్పుడు రెట్ట పైన బిగుసుకుని ఎండుతూ దాన్ని లాగుతుంది. మచ్చలో అంచు గీత కనపడుతుంటే అది గుంట అన్నమాట. పాలిష్‌తో తేలికపడుతుంది, పూర్తిగా పోకపోవచ్చు. అక్కడ ఆగడం మంచిది. ఇకమీదట రెట్ట పడితే గీకకండి. తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచితే మెత్తబడి గుడ్డతో పాటే వస్తుంది.

సిరామిక్ షాపాయన సలహా గురించి. కోటింగ్ చెడ్డది కాదు. నీళ్లు జారిపోతాయి, మురికి తక్కువ పడుతుంది, కడగడం తేలిక. కానీ అది ఒకటి రెండు మైక్రాన్ల పలచటి పొర. తుప్పుని ఆపదు, లేచిన క్లియర్‌ని అతకదు, రాయి తగిలితే కాపాడదు. 9హెచ్ అని గొప్పగా చెప్పేది పెన్సిల్ గట్టిదనపు కొలతలో, వజ్రాల కొలతలో కాదు. కింద ఏముంటే దాన్నే అద్దంలా చూపిస్తుంది. తలుపు, పైకప్పు అలా ఉండగా దాన్ని వేయిస్తే, తర్వాత పెయింట్‌కి ముందు దాన్ని రుద్ది తీయాలి, డబ్బు రెండుసార్లు పోతుంది. అన్నీ అయ్యాక, చివర్లో కావాలంటే వేయించుకోవచ్చు.

స్నేహితుడి సలహా ఇంకా ప్రమాదం. మొత్తం పెయింట్ అంటే బాగున్న మూడు తలుపులు, వెనక రేకులు, డిక్కీ మీది ఫ్యాక్టరీ పెయింట్‌ని గరుకుగా రుద్దేసి, తక్కువ వేడిలో ఆరే షెడ్డు పెయింట్ వేయడం. ఫ్యాక్టరీలో రంగు 140 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. షెడ్డులో రబ్బర్లు, ప్లాస్టిక్ ఉన్న కారుని అరవై డిగ్రీలు దాటించరు. పెయింటర్ ఎంత గొప్పవాడైనా ఆ రెండూ ఒకటి కావు. పైగా అన్నయ్యకి తెలియదన్న మాట వట్టిది. కారంటే ప్రాణమైన మనిషి తలుపు తెరవగానే మడత లోపలి పాత రంగుకీ బయటి కొత్త రంగుకీ తేడా చూస్తాడు, రబ్బరు అంచు మీద పడ్డ తుంపర చూస్తాడు. ఆయన ఎప్పుడో కారు అమ్మబోతే కొనేవాడు మీటరు పెట్టినప్పుడు ప్రతి రేకూ 250 చూపిస్తుంది. కారు పెద్ద ప్రమాదంలో పడిందనుకుంటాడు. అప్పుడు తెలియడం కన్నా ఇప్పుడు తెలియడం మీ ఇద్దరికీ నయం కదా.

అందుకే మీ ఆవిడ మాటలో సగం నేను ఒప్పుకుంటాను. ఫోన్ చేయండి. కాకపోతే ఏమీ చేయకుండా కాదు. పైకప్పుకి, తలుపుకి రెండేసి ఫొటోలు తీసి, మీటరు అంకెలు ముందుంచుకుని చేయండి. తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెట్టి మాట అక్కడే ఆపకండి. "అన్నయ్యా, పైకప్పు క్లియర్ పోయింది, ఎండలో పెట్టడం నా పొరపాటే. వెనక తలుపు కింద పొక్కులొచ్చాయి, లోపల పాత పుట్టీ ఉన్నట్టు మీటర్లో తేలింది, నీకేమైనా గుర్తుందా?" అని మామూలుగా అడగండి. నిలదీసినట్టు వద్దు, ఆయన సమాధానం పనికి నిజంగా అవసరం. ఎప్పుడు, ఎక్కడ సొట్ట పడిందో తెలిస్తే ఎంతవరకు విప్పాలో పెయింటర్‌కి తెలుస్తుంది. ఆయన నేనొచ్చాక చూసుకుంటానంటే పై నాలుగో దారి, మీ వంతుగా పాలిష్ పని. చేయించేయ్ అంటే తలుపు, పైకప్పు ఒకే చోట, ఒకేసారి, ఒకే డబ్బాలో కలిపిన రంగుతో. ఖర్చులో పైకప్పు సగం మీరు పెట్టుకుంటానంటే న్యాయంగానే ఉంటుంది, తలుపుది మాత్రం ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి.

చేయించేట్టయితే మొదటి మూడు వారాల్లో పెయింట్ పూర్తి కావాలి. కొత్త క్లియర్ ఒక రాత్రికి తాకగలిగేంత ఆరినా, లోపల ద్రావకం పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. నెల రోజులు దాని మీద వ్యాక్స్, సిరామిక్ వద్దు, కారు కవరు అసలే వద్దు, కవరు కింద తేమ నిలిస్తే మెత్తటి క్లియర్ మీద మచ్చలు తేలతాయి. ఆ నెలలో మిగతా రేకుల పాలిష్ చూసుకోండి. కడిగేటప్పుడు ముందు ఒట్టి నీళ్లతో దుమ్ము వదలగొట్టి, రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కార్ షాంపూ, ఒకదాంట్లో గ్లవ్ జాడించడానికి మంచినీళ్లు. పైనుంచి కిందకి, చక్రాలకి వేరే గుడ్డ. పొడి దుమ్ము మీద పొడిగుడ్డతో రోజూ తుడిచే అలవాటు మీకుంటే, ఆ గుండ్రటి గీతలు ఎక్కణ్నుంచి వచ్చాయో వెతకనక్కర్లేదు.

షెడ్డుకి ఇచ్చేటప్పుడు మాట మీద కాదు, కాయితం మీద రాయించండి: పాత పుట్టీ రేకు దాకా తీయడం, ఎపాక్సీ ప్రైమర్, పైకప్పు పట్టీ విప్పి కొట్టడం, లోపల కావిటీ వ్యాక్స్. రేకు తెల్లగా తేలినప్పుడు, ప్రైమర్ పడకముందు ఫోన్ చేయమని చెప్పి వెళ్లి ఫొటో తీసుకోండి. అన్నయ్యకి చూపించాల్సిన ఫొటో అదే. కారు తీసుకునే రోజు పగటి వెలుతురులో వెళ్లండి. తలుపు రంగుని ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కనుంచి ఏటవాలుగా ఒకసారి చూడండి, మెటాలిక్ తేడా పక్కనుంచే తెలుస్తుంది. చివరగా తలుపు మూసి, అద్దం బయటివైపు మీదుగా అర లీటరు నీళ్లు మెల్లగా పోయండి. కాసేపటికి కింది చీలికల్లోంచి కారాలి. కారకపోతే ప్రైమరో వ్యాక్సో వాటిని పూడ్చేసిందన్నమాట, అక్కడే తెరిపించి మళ్లీ పోసి చూశాకే తాళాలు తీసుకోండి.